నాలుగూ జమ్ అయ్యాయి

హిందీ మాట్లాడే ఇనప గనుల ఊరు బచేలిలో మా రైల్వే లైనువాళ్ళు నా గురించి ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. నిర్మల టీచరుకు ఒక్కసారే నలుగురు కడుపున పడ్డారట. కడుపుతో ఉండగానే విశాఖపట్నం వెళ్ళి ఆ మందు ఎక్కించుకుని నలుగురినీ పోగొట్టుకుందట. కొంచెం జాలి ఉన్నవాళ్ళు ‘ఏం చేస్తుంది పాపం, తన ప్రాణం తను చూసుకోవాలి కదా’ అని ముగిస్తారు. జాలి లేనివాళ్ళు ఎలా ముగిస్తారో నా ఎదుట అనరు. అంటే ఏం జరుగుతుందో వాళ్ళకు తెలుసు.

ఈ కథలో నాలుగు అన్నదొక్కటే నిజం. నా కడుపులో ఎవరూ లేరు. ఆ నాలుగూ విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో, పొగలు కక్కే చల్లటి జాడీలో ఉన్నాయి. నాకు మందు ఎక్కించింది వాటిని చంపడానికి కాదు. మందు ఎక్కిస్తారు కాబట్టే వాటిని ముందుగా తీసి దాచారు. ఏది ముందో ఏది తర్వాతో తెలియకుండా కథలు చెప్పేవాళ్ళకు కూరగాయల సంతలో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి అలిసిపోయాను. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ‘మీకు రెండు వారాలే టైముంది, ఆలోచించుకోండి’ అని డాక్టరు చెబితే ఏం ఆలోచించాలో తెలియక కుర్చీలో బిగుసుకుపోయే ఆడవాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళలో ఒక్కరైనా ఇది చదివితే చాలు.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. ఆలస్యంగా చేసుకున్నది సంబంధాలు రాక కాదు, వచ్చినవి నాకు నచ్చక. టౌన్‌షిప్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన శంకర్రావు గీదం పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు, అందులో ఏడు పశువులతో. మా అత్త పైడమ్మది విజయనగరం వైపు. మామగారికి ఈ లైన్లో గ్యాంగుమన్ పని దొరికినప్పుడు ఆయన వెంట వచ్చి, కొండలన్నీ తవ్వి ఎర్రమట్టి చేస్తుంటే చూస్తూ ఇక్కడే ముసలిదైంది. ఆవిడ నోరూ నా నోరూ ఒకే ఇంట్లో పట్టడం కష్టమని పెళ్ళిచూపుల నాడే అందరూ అన్నారు. తప్పు చెప్పలేదు.

జూన్‌లో, స్కూళ్ళు తెరిచిన వారంలో, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత చేతికి తగిలింది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఈ మూడు రోజుల తెలివితక్కువతనం మీరు చెయ్యకండి. నాలుగో రోజు మా ఆయనకు చెబితే పది మాటల్లో ఒకటి ఖర్చు పెట్టి, ‘పద’ అన్నాడు. జులైలో విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. దాని గురించి నేను చెప్పగలిగింది ఇంతే: లేచాక చాలా దాహం వేసింది, మా ఆయన దూదితో పెదాలు తడిపాడు, ఈనిన గేదెలకు కూడా ఇలాగే చేస్తారా అని అడిగాను. ‘గేదెలు ఇన్ని ప్రశ్నలు వెయ్యవు’ అన్నాడు.

కుట్లు విప్పిన రోజున డాక్టరు అడిగింది, ‘పిల్లలున్నారా?’ అని. లేరన్నాను. ఇప్పుడు ఎక్కించబోయే కీమో మందుతో ఇక నెలసరి రాకపోవచ్చు, వచ్చినా పిల్లలు పుడతారన్న నమ్మకం లేదు. కావాలంటే ముందే మీ అండాలూ ఆయన బీజమూ కలిపి, తయారైనవాటిని చల్లబరిచి దాచవచ్చు, కానీ మందు ఎక్కువ రోజులు ఆపలేను అంది. నేను పోట్లాడాను. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే ఎందుకు చెప్పలేదని, రెండు వారాల్లో ఎవరైనా ఇలాంటి నిర్ణయం తీసుకుంటారా అని గదిలో ఉన్న నర్సు తలవంచుకునేదాకా మాట్లాడాను. డాక్టరు అంతా విని, ‘మీకు కోపం వచ్చేంత ఓపిక ఉంది, మంచిదే’ అంది. ఆవిడను ఆ క్షణంలో అసహ్యించుకున్నాను. తర్వాత ఆ మాటే ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను.

బయట వరండాలో మా ఆయనను అడిగాను, మీరేమంటారు అని.

‘దాచుదాం.’

‘నేను ఉంటానో లేదో తెలియదు కదా.’

‘అందుకే దాచుదాం’ అన్నాడు. ‘నువ్వుంటావు’ అని కలిపాడు, ముందు చెప్పాల్సింది తర్వాత గుర్తొచ్చినట్టు.

ఆసుపత్రికి దగ్గర్లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. రోజూ పొట్టలో సూది. నర్సు కోసం లైన్లో నిలబడడం ఎందుకని ఆయనే వేసేవాడు. వేసేముందు అలవాటు కొద్దీ నా తొడ మీద రెండు తట్లు తట్టేవాడు. నేను బెదిరి తన్నుతానని కాబోలు.

ఆ వెయిటింగ్ హాల్లో కూర్చోవడం నాకు వింతగా ఉండేది. అక్కడున్న ఆడవాళ్ళందరూ పిల్లలు ఇప్పుడే కావాలని వచ్చారు. నేనొక్కదాన్నే పిల్లల్ని ఇప్పుడు కాదు, తర్వాత అని వచ్చినదాన్ని. ఎన్నేళ్ళయింది, ఎన్నోసారి అని పక్కవాళ్ళు అడిగితే జబ్బు మాట చెప్పగానే వాళ్ళు కొంచెం జరిగి కూర్చునేవారు. అంటుకుంటుందని కాదు. వాళ్ళు మోస్తున్న దిగులు చాలు, నాది కూడా ఎక్కడ పెట్టుకుంటారు?

ఆగస్టు మొదట్లో ల్యాబు అమ్మాయి వచ్చి చెప్పింది, నాలుగు బాగా ఉన్నాయి, నాలుగూ దాచేశామని. ఆ అమ్మాయి కళ్ళజోడు మీద ఆవిరి పట్టి ఉంది. నాకు ఆ అమ్మాయిని కౌగలించుకోవాలనిపించింది, కుట్లు పడ్డ చోట నొప్పిగా ఉండి ఊరుకున్నాను. వెంటనే అత్తకు ఫోన్ చేశాను. జరిగిందంతా ఆ ఫోన్‌లోనే జరిగింది.

ఆ నాలుగింటిని ఏమని చెప్పాలి? తెలుగులో పిండం అంటారు. నేను జువాలజీ చదివినదాన్ని, నాకా మాట కొత్త కాదు. కానీ మామగారు పోయి అప్పటికి ఏడాది నిండలేదు, ఇంట్లో నెలనెలా మాసికం పెడుతున్నారు. అలాంటి ఇంటికి ఫోన్ చేసి ‘నాలుగు పిండాలు పెట్టారు అత్తా’ అని ఎలా అంటాను? హిందీలో భ్రూణ్ అంటారు. మా వైపు ఆసుపత్రి గోడల మీద ఆ మాట ఎర్ర అక్షరాల్లో ఉంటుంది కానీ ఒంటరిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు, వెనకాల హత్య అన్న మాటను తగిలించుకునే ఉంటుంది. పోనీ, వాటి పేరు వదిలేసి గడ్డకట్టించారు అందామా? గడ్డ అన్న మాటను ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఆలుగడ్డను కూడా ఒట్టి ఆలూ అనడం మొదలుపెట్టాం.

చదువుకున్న మాటలేవీ పనికిరాక, మా ఇంట్లో రోజూ వాడే బజారు హిందీ మాట పట్టుకున్నాను. ఐసు గడ్డ అయినా, పాలు తోడుకున్నా, నెయ్యి పేరినా మేము ఒకటే మాట అంటాం, జమ్ అయింది అని.

‘అత్తా, నాలుగూ జమ్ అయ్యాయి!’

‘ఓలమ్మా! నాలుగా?’

‘నాలుగే.’

‘గట్టిగా జమ్ అయినాయేటి? సరిగ్గా సూసినారా?’

‘డాక్టరే చెప్పింది. ఇంక భయం లేదంది.’

అత్త గొంతు తగ్గించి అంది, ‘ఎవులికీ సెప్పకే. నీ నోరు ఆగదు, నాకెరుకే. ఈ ఒక్క మాటా ఆపుకో, నీకు దండమెడతాను.’

ఆవిడకు పిల్లల కోసం సూదులు వేస్తున్నారని తెలుసు. నాలుగు జమ్ అయ్యాయంటే, పాలు పెరుగై నిలిచినట్టు, నలుగురు నా కడుపులో నిలిచారని అర్థం చేసుకుంది. మూడో నెల దాటేదాకా కడుపు సంగతి నోటితో అనకూడదని ఆవిడ నియమం. కాబట్టి నాతో అనలేదు, కొడుకుతో అనలేదు. ఎదురింటి బిలాస్‌పూర్ ఆవిడ ఒక్కదానికే, ఒట్టు వేయించుకుని చెప్పింది. ఒట్టు ఎంతదాకా నిలిచిందో మొదటి పేరాలోనే రాశాను.

మందు మొదలుపెట్టడానికి పది రోజులు గడువిచ్చారు. ఇంటికి వచ్చాం. స్టేషన్ నుంచి ఆటో ఎక్కనివ్వలేదు అత్త, గతుకులట. నన్ను చెయ్యి పట్టుకుని నడిపించింది. బకెట్ ఎత్తనివ్వలేదు. చింతచిగురు పప్పు, ఉసిరి పచ్చడి, అడగకుండానే నిమ్మకాయ షర్బత్తు. కుర్చీలో వెనక తలగడ. ఎదురింటావిడ గిన్నెడు ఖీర్ తెచ్చి, నా మొహం చూడకుండా పొట్ట వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. జబ్బు మనిషిని చూసి ఏడ్చేవాళ్ళు మామూలేగా అనుకున్నాను. రెండేళ్ళలో మొదటిసారి నేనూ అత్తా ఒక రోజంతా పోట్లాడుకోకుండా గడిపాం. నాకు జబ్బు చేసిందని ఆవిడ మెత్తబడిందనుకుని, ఇన్నాళ్ళూ ఆవిడను అన్న మాటలకు లోలోపల సిగ్గుపడ్డాను కూడా. ఆవిడ మర్యాద చేస్తున్నది నాకు కాదు, నా కడుపుకి.

బయలుదేరాల్సిన రోజు పొద్దున్న ఫైలు కనబడలేదు. నా రిపోర్టులన్నీ, మందు రాసిన కాగితంతో సహా అందులోనే ఉన్నాయి. బీరువా, మంచం కింద, టీవీ వెనక అన్నీ వెతికాం. అత్త వంటింట్లో బియ్యం డ్రమ్ము మీద కూర్చుని ఉంది. ఆవిడ ఎప్పుడూ దాని మీద కూర్చోదు.

‘లే అత్తా’ అన్నాను.

‘లెగను.’

మా ఆయన వచ్చాడు. ‘అమ్మా, బండి వెళ్ళిపోతుంది. ఫైలియ్యి.’

‘ఎల్లిపోనీ. గడ్డ తీసీసినారు గదా, ఇంకేటి? కడుపుతో ఉన్నదానికి విషం ఎక్కించీస్తారట్రా? నలుగుర్రా! నువ్వు గొడ్ల డాక్టరువి, ఈనేదానికి అలాటి మందు ఎయ్యొచ్చా నేదా నువ్వే సెప్పు!’

మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక గోడకు ఆనుకుని నవ్వాను. కుట్లు పడ్డ చోటు లాగి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నవ్వు చూసి ఆవిడకు నాకు మతి పోయిందని ఖాయమైపోయింది.

‘అత్తా, నా కడుపులో ఎవరూ లేరు.’

‘నువ్వే గదే సెప్పినావు, జమ్ అయిపోనాయని!’

‘జమ్ అంటే ఆ జమ్ కాదు. ఐసులా. ఆసుపత్రిలో డబ్బాలో.’

‘డబ్బాలో పిల్లలేటే? నన్ను ఎర్రిదాన్ని సేస్తన్నావేటి?’

అక్కడ నా నవ్వు ఆగిపోయింది. ఆ పదిహేను నిమిషాల్లో మేము అనుకున్న మాటలు రాయను. నేను చచ్చినా ఫరవాలేదా అని అడిగానని మాత్రం రాస్తాను. ఆవిడ డ్రమ్ము అంచు ఇంకా గట్టిగా పట్టుకుంది. బండి కూత వినబడింది, వెళ్ళిపోయింది.

అప్పుడు మా ఆయన చెప్పులేసుకుని మోటార్‌సైకిలు బయటకు తీశాడు. ‘రా అమ్మా. చూపిస్తాను’ అన్నాడు. నేను షేర్ జీపులో వెనకాల వెళ్ళాను. ఆ మనిషి పది మాటలు దాటబోతున్నాడంటే నేను చూడకుండా ఉండగలనా?

గీదం పశువుల ఆసుపత్రి వెనక గదిలో పాల క్యాను లాంటి జాడీ ఉంటుంది. ఆవులను చూలు కట్టించడానికి మంచి జాతి ఆబోతుల బీజం అందులో దాస్తారు. ఆయన మూత తీశాడు. తెల్లటి పొగ పొంగి అంచు మీదుగా కిందికి జారి నేల మీద పాకింది. అత్త రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన పట్టకారుతో సన్నటి గొట్టం ఒకటి మూతి దాకా ఎత్తి చూపించి, వెంటనే లోపలికి దించేశాడు.

‘ఇది ఆబోతుదమ్మా. ఎప్పటిదో. ఆ ఆబోతు ఇప్పుడు ఉందో లేదో కూడా తెలీదు. ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు ఇలాంటి జాడీలోనే ఆవు పిండాలు ఉంచడం చూశాను. ఒక ఆవులోంచి తీసి, చల్లబరిచి, ఏడాది తర్వాత ఇంకో ఆవులో పెట్టారు. దూడ పుట్టింది. నేను ముట్టుకున్నాను, నా చెయ్యి నాకింది. మనవి కూడా అలాగే ఉన్నాయి. అక్కడ. నిర్మల మందు నిర్మలది, వాటికి తగలదు.’

అన్నేళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడడం మేమిద్దరం వినలేదు. పిండాలు అన్న మాట కూడా అనేశాడు, ఏమీ జరగలేదు.

అత్త పొగ వైపు చాలాసేపు చూసింది. ‘ఇంత సలికి బతికుంటాయేట్రా?’

‘పెరగవు. చావవు. ఆగుతాయి.’

‘ఐతే నా మనవల్ని ఆబోతుల పక్కనెట్టినారా?’

‘లేదమ్మా. వైజాగ్‌లో అన్నీ మనుషులవే.’

‘ఏ కులపోళ్ళవో’ అని గొణిగి, నా వైపు తిరిగింది. ‘తెలుగులో సెప్పి సావొచ్చు గదే, బీఎస్సీ!’

ఇంటికి వచ్చాక డ్రమ్ములోంచి ఫైలు తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది. క్షమించమని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. మర్నాడు బండికి మాతోపాటు సంచితో తయారైంది.

ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఆరుసార్లు మందు. మా లైన్లో ఇనప రాయి మోసే గూడ్సు బండికి దారిచ్చి మనుషుల బండి పక్కన నిలబడుతుంది. రాయికి ఉన్న తొందర మాకు లేదని రైల్వేవాళ్ళ ఉద్దేశం. అరకు దగ్గర ఒకసారి అలా ఆగినప్పుడు, నేను కిటికీలోంచి కక్కుకుంటుంటే అత్త నా నడుం పట్టుకుని, వెళుతున్న గూడ్సు బండిని పెట్టె పెట్టెకీ తిట్టింది. ఆ తిట్లలో సగం నాకు అప్పటిదాకా తెలియనివి. తెలుసుకున్నాను, పనికొచ్చాయి.

మూడోసారికి జుట్టు పోయింది. వార్డులో నా పక్క కుర్చీ కన్నమ్మది. కొంటా అనే ఊరి అవతల కూలికి పోయే మనిషి, అప్పటికే నున్నటి గుండు. నేను తలకు కండువా ఎలా కట్టుకోవాలో తెలియక విసుక్కుంటుంటే లాక్కుని కట్టింది.

‘ఏందక్కా, గింతదానికేనా? ఎంట్రుకలు మల్ల మొలుస్తయ్. నాకైతే పేలు పోయినయ్, మస్తు సుఖమున్నది.’ తర్వాత అడిగింది, ‘పిల్లలెంతమంది?’

ఆ ప్రశ్నకు ఎప్పుడూ లేరనే చెబుతాను. ఆ రోజు ఎందుకో నాలుగు ఉన్నాయి, చల్లటి జాడీలో దాచారు అని చెప్పాను. ఆమె నవ్వుతుందేమో, భయపడుతుందేమో అనుకున్నాను.

‘మంచిగైంది’ అంది. ‘మా కొంటల ఎండలకు బయటున్నోళ్ళే మాడిపోతున్నరు.’

అయిదోసారికి ఆ కుర్చీలో వేరే ఆవిడ ఉంది. కన్నమ్మ ఏమైందని నేను అడగలేదు. అన్నీ అడిగేదాన్ని, అదొక్కటి అడగలేదు.

మందు అయ్యాక అయిదేళ్ళు మాత్రలు. ప్రతిసారీ విశాఖపట్నం వెళ్ళినప్పుడు అత్త ల్యాబు అద్దం తలుపు దాకా వెళ్ళి, ‘సల్లగున్నారా?’ అని అడిగేది. ‘ఉన్నారు మామ్మగారూ’ అనేది కళ్ళజోడు అమ్మాయి. ఒక తుఫానుకు ఆ ఊరంతా కరెంటు పోయిందని టీవీలో చూసి మేము వణికిపోతుంటే, ఆ అమ్మాయే ఎక్కడినుంచో ఫోన్ చేసి, జాడీకి కరెంటు అక్కర్లేదు, మామ్మగారికి చెప్పండి అంది. మా ఆయనకు ఆ సంగతి ముందే తెలుసట. మేము అడగలేదట.

నలభై మూడో ఏట డాక్టర్లు ఒప్పుకున్నారు. రెండింటిని కరిగించి పెట్టారు. పన్నెండు రోజులు ఎదురుచూశాం. నిలవలేదు. ఇంతకన్నా ఎక్కువ రాస్తే ఇది వేరే రచన అవుతుంది. అత్త అప్పుడు మాత్రం నన్ను ఒక్క మాట అనకుండా నా మంచం పక్కనే చాప వేసుకుని వారం రోజులు పడుకుంది. నా వయసూ, నేను మింగిన మందులూ చూసి ఇంకోసారి వద్దని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పింది.

ఇప్పుడు నాకు నలభై ఆరు. ఒంట్లో జబ్బు లేదని మొన్నటి పరీక్ష కూడా చెప్పింది. రెండు మిగిలాయి. పదేళ్ళకు మించి ఉంచడానికి చట్టం ఒప్పుకోదట. పోయిన నెల కాగితం వచ్చింది. పరిశోధనకు ఇస్తారా, నశించనిస్తారా, ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి ఇద్దరూ సంతకం చెయ్యాలి. సైన్సు చదివినదాన్ని, పరిశోధనకు ఇద్దామన్నాను. మా ఆయన ‘వద్దు నిర్మలా, ఇంక సూదులొద్దు వాళ్ళకి’ అన్నాడు. పదేళ్ళలో ఆయన వాటిని ‘వాళ్ళు’ అనడం అదే మొదటిసారి. నేను వాదించలేదు. రెండో గడిలో టిక్కు పెట్టాం.

అత్తకు ఈ మధ్య చెవులు సరిగా వినబడవు. దగ్గర కూర్చుని తెలుగులోనే, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. విని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. ‘నువ్వు దక్కినావు. అదే సాలని నాను అన్లేనే. సాల్దు. కానీ దక్కినావు’ అంది. నాతో ఎవరూ ఇంత నిజం చెప్పలేదు. ఆ రోజు ఆవిడ డ్రమ్ము మీద కూర్చున్నప్పుడు నేనడిగినదానికి పదేళ్ళ తర్వాత వచ్చిన జవాబని తీసుకున్నాను.

కాగితం ఇంకా పోస్టు చెయ్యలేదు. నిన్న ల్యాబుకు ఫోన్ చేశాను. కళ్ళజోడు అమ్మాయి ఇప్పుడు అక్కడ పెద్ద ఉద్యోగి. ఎలా చేస్తారని అడిగాను. జాడీలోంచి తీసి మామూలు గాలికి బల్ల మీద పెడతారట, నిమిషంలో అయిపోతుందట. ఆ నిమిషంలో పక్కన ఎవరుంటారని అడిగితే, ‘డ్యూటీలో ఉన్నవాళ్ళు, మేడమ్’ అంది. ఇంకొకటి అడిగాను. పదేళ్ళలో ఎవరూ అడగలేదట, రూలు ఏముందో కనుక్కుని చెబుతానంది. ఇంకా చెప్పలేదు. ఆ రోజు చెప్పులు బయట విడిచి, వాళ్ళు ఇచ్చే గౌను వేసుకుని, ఏదీ ముట్టుకోకుండా, నేనైనా సరే నోరు మెదపకుండా, మేము ముగ్గురం ఆ బల్ల పక్కన నిలబడవచ్చా?